లేహ్ నగరానికి ప్రయాణ సన్నాహం

పాఠ్యభాగ పరిచయం

యాత్రలు మానవునికి విజ్ఞానాన్నీ, వినోదాన్నీ కలిగిస్తాయి. అయితే ఏ యాత్ర అయినా గడప దాటిన తరువాత మొదలయ్యేది కాదు. మూటలు కట్టుకొనేటప్పుడే మొదలవుతుంది. వెళ్ళబోయే చోటును గురించి ఎంత తెలిసినదీ ఆ మూటలే చెబుతాయి. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ నగరానికి శరదృతువు తొలినాళ్ళలో వెళ్ళదలచినవారు ఏ వస్తువులను, ఎందుకు వెంట తీసుకొనిపోవాలో ఈ పాఠం వివరిస్తుంది. వస్తువుల కంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నదని కూడా తెలియజేస్తుంది.

పాఠ్యభాగం

నాటి యాత్ర - నేటి యాత్ర

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన మదరాసు నుండి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరుకొన్నాడు. ఆ పదిహేను నెలల అనుభవాలే 'కాశీయాత్ర చరిత్ర' అనే గ్రంథమయ్యాయి. ఆనాటి ప్రయాణంలో మజిలీ మజిలీకీ నీరు మారేది, గాలి మారేది, ఎండ మారేది. కాని ఆ మార్పు నెమ్మదిగా వచ్చేది. శరీరం దానికి అలవాటు పడడానికి కావలసినంత వ్యవధి దొరికేది.

నేటి ప్రయాణికునికి ఆ వ్యవధి లేదు. ఢిల్లీలో ఉదయం విమానమెక్కినవాడు సుమారు గంటన్నరలో లేహ్‌లో దిగుతాడు. ఢిల్లీ సముద్రమట్టానికి రెండు వందల మీటర్లకు కొద్దిగా పైన ఉండగా, లేహ్ విమానాశ్రయం 3,250 మీటర్లకు పైన ఉన్నది. అంటే మూడు కిలోమీటర్ల ఎత్తును మనిషి కుర్చీలో కూర్చొనే ఎక్కేస్తాడు. శరీరం మాత్రం అంత వేగంగా ఎక్కలేదు. ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకొంటే, మూటలో ఏమి ఉండాలో, ఏమి ఉండనక్కరలేదో దానంతట అదే తెలుస్తుంది.

ఒక ఇంటిలో సన్నాహం

విజయవాడలో నివసించే ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. తల్లిదండ్రులు, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదివే కూతురు, పదవ తరగతి చదివే కొడుకు, డెబ్బై ఏళ్ళు దాటిన తాతగారు ఆ ఇంటిలో ఉన్నారు. భాద్రపదం ముగిసి ఆశ్వయుజం ప్రవేశించింది. దసరా సెలవులలో అందరూ లేహ్ చూసి రావాలని నిశ్చయించుకొన్నారు. తల్లి పెట్టెలో నుండి దళసరి స్వెటర్లన్నీ బయటకు తీసింది. బయట వాన కురుస్తున్నందువల్ల మనిషికొక గొడుగు చొప్పున సిద్ధం చేసింది. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కొబ్బరినూనె సీసాలలో నింపింది. సాయంత్రానికి మూటలన్నీ గుమ్మం దగ్గర చేరాయి. వాటిని చూసి కూతురు ఒక ప్రశ్న వేసింది.

"అమ్మా, చలికి కావలసినవన్నీ సర్దావు. ఎత్తుకు కావలసినవి ఏవి?"

ఆ ప్రశ్నకు ఇంటిలో ఎవరి వద్దనూ సమాధానం లేదు. చలి అందరికీ తెలుసు. ఎత్తు ఎవరికీ తెలియదు. విజయవాడ సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న నగరం మరి!

ఎత్తు అంటే ఏమిటి?

ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి బరువు తగ్గుతుందని మొదటిసారి ప్రయోగంతో నిరూపించినది కూడా ఒక శరత్కాలపు తొలినాళ్ళలోనే. 1648 సెప్టెంబరు 19వ తేదీన ఫ్రాన్సు దేశంలో పెరియే అనే ఆయన, తన బావమరిది అయిన బ్లేజ్ పాస్కల్ కోరిక మేరకు, పాదరసం నింపిన గాజుగొట్టంతో ప్యూ ద డోమ్ అనే కొండ ఎక్కాడు. కొండ దిగువన ఉన్న పట్టణంతో పోల్చితే శిఖరం మీద పాదరస మట్టం 8 సెంటీమీటర్లకు పైగా పడిపోయింది. ఆ పట్టణానికీ శిఖరానికీ మధ్య ఎత్తులో ఉన్న భేదం సుమారు వెయ్యి మీటర్లు మాత్రమే.

సముద్రతీరంలో 76 సెంటీమీటర్లు నిలిచే పాదరసం లేహ్‌లో సుమారు 50 సెంటీమీటర్ల వద్ద నిలుస్తుంది. గాలిలో ప్రాణవాయువు వంతు ఎక్కడైనా నూటికి 21 పాళ్ళే. కాని వాయుపీడనం మూడింట రెండు వంతులకు తగ్గినందువల్ల, పీల్చిన ప్రతి శ్వాసలోనూ అందే ప్రాణవాయువు కూడా అంతే తగ్గుతుంది. కొండలపై కలిగే అస్వస్థతకు మూలం ఈ కొరతయేనని పాల్ బెర్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1878లో ప్రకటించిన గ్రంథంలో నిరూపించాడు.

ఈ కొరతను శరీరం గ్రహించిన వెంటనే శ్వాస వేగం పెరుగుతుంది, గుండె త్వరగా కొట్టుకొంటుంది. శ్వాస ఎక్కువైనందువల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి క్షారగుణం పెరుగుతుంది. ఆ క్షారాన్ని మూత్రపిండాలు క్రమంగా బయటకు పంపి సమతూకాన్ని నెలకొల్పుతాయి. దీనికి గంటలు చాలవు, రోజులు కావాలి. ఎర్రరక్తకణాలు తగినంతగా పెరగడానికి వారాలు పడుతుంది. శరీరం లోపల జరిగే ఈ సన్నాహం పూర్తికాక ముందే మనిషి పరుగులు తీస్తే తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, నిద్ర పట్టకపోవడం, నిస్సత్తువ కలుగుతాయి. అప్పటికీ లెక్కచేయక ఇంకా పైకి వెళితే ఊపిరితిత్తులలోనో, మెదడులోనో నీరు చేరి ప్రాణాపాయం సంభవించవచ్చు.

ఈ విషయంలో భారతీయ సైనిక వైద్యుల కృషి చెప్పుకోదగినది. 1962 యుద్ధకాలంలో మైదానాల నుండి వేలాది సైనికులను త్వరత్వరగా హిమాలయాలకు తరలించవలసివచ్చింది. ఆ సైనికులలో 1,925 మందిని పరిశీలించి ఇందర్ సింగ్ ప్రభృతులు 1969లో ప్రచురించిన వ్యాసం ప్రపంచమంతటా వైద్యుల గౌరవాన్ని పొందింది. దృఢకాయులైన యువ సైనికులు కూడా ఈ అస్వస్థతకు లోనైనారని ఆ పరిశీలన వలన తెలిసింది. కండబలం ఎత్తును జయించలేదు.

దుస్తులు - ఇతర వస్తువులు

లేహ్‌లో సెప్టెంబరు చివరి వారంలో పగటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. రాత్రి 5 డిగ్రీలకు అటూ ఇటూగా పడిపోతుంది. గాలి పలుచన, తేమ తక్కువ. అందువల్ల ఎండ తగిలినచోట వెచ్చదనం, పక్కనే నీడలో చలి. ఒకే ఒక దళసరి కోటు ఇటువంటి చోట పనికిరాదు. వేసుకొంటే ఉక్క, తీస్తే వణుకు. పొరలు పొరలుగా ధరించడమే ఉత్తమం. ఒంటికి అంటిపెట్టుకొని ఉండే పలుచని లోదుస్తు ఒకటి, దానిపై ఉన్ని స్వెటరు ఒకటి, అన్నిటికీ పైన గాలి చొరని జాకెట్టు ఒకటి ఉంటే చాలు. పొరల మధ్య నిలిచిన గాలియే వెచ్చదనాన్ని కాపాడుతుంది. నూలుబట్ట చెమటను పీల్చి త్వరగా ఆరదు కనుక లోపలి పొరకు అది తగదు. చెవులను కప్పే మంకీ క్యాప్, మఫ్లరు, చేతితొడుగులు, రెండు మూడు జతల ఉన్ని మేజోళ్ళు, ముందుగానే కాలికి అలవాటైన బూట్లు తప్పనిసరి.

ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత హెచ్చుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకూ అది సుమారు నూటికి పది వంతులు అధికమవుతుంది. చలిగా ఉన్నదని ఎండను అలక్ష్యం చేసినవారి ముఖం, పెదవులు రెండు రోజులలోనే కమిలి పగులుతాయి. కావున చలువ కళ్ళద్దాలు, అంచు వెడల్పుగా ఉన్న టోపీ, ఎండ నుండి చర్మాన్ని కాపాడే లేపనం స్వెటరుతో సమానంగా అవసరం.

గొడుగుల అవసరం మాత్రం అంతగా లేదు. హిమాలయాలు నైరుతి మేఘాలను అడ్డగించడం వలన లేహ్‌లో సంవత్సరమంతా కురిసే వర్షం సుమారు 100 మిల్లీమీటర్లే. అయినప్పటికీ కొండ ప్రాంతంలో ప్రకృతిని పూర్తిగా నమ్మరాదు. 2010 ఆగస్టు 5వ తేదీ రాత్రి అక్కడ కురిసిన కుండపోతకు వరదలు వచ్చి రెండు వందల మందికి పైగా మరణించారు. కనుక మడిచి పెట్టుకోదగిన తేలికపాటి వానకోటు ఒకటి ఉండడం మంచిది.

ఆహారం - ఔషధాలు

కూతురు చెప్పగా విని తల్లి సీసాలను మళ్ళీ పరిశీలించింది. అంచుల వరకు నింపిన పచ్చడి సీసాలు వాయుపీడనం తగ్గినప్పుడు నూనెను బయటకు నెడతాయి. అందుచేత ఆమె పైన కొంత వెలితి ఉంచి, మూత బిగించి, రెండు సంచులలో చుట్టింది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల వద్దనే గడ్డకడుతుంది కనుక సన్నమూతి సీసాలో నుండి వెడల్పు మూతి డబ్బాలోకి మార్చింది. లేహ్‌లో నీరు సుమారు 88 డిగ్రీల వద్దనే మరుగుతుంది. ప్రెషర్ కుక్కరు లేకుండా కందిపప్పు ఉడకడం గగనమే. బస చేసే చోట పప్పు వండుకొందామన్న ఆలోచనను ఆమె మానుకొన్నది.

మందుల సంచి అన్నిటి కంటె ముఖ్యమైనది. రోజూ వాడే మందులను వెళ్ళివచ్చే రోజులకు మించి మరి నాలుగు రోజులకు సరిపడా ఉంచుకోవాలి. వాతావరణం అనుకూలించక విమానాలు నిలిచిపోవడం అక్కడ వింత కాదు. ఎత్తుకు అలవాటు పడడంలో తోడ్పడే ఎసిటజోలమైడ్ అనే మందును వైద్యుని సలహా లేకుండా ఎవరూ వాడరాదు. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్రలు మింగడం, చలి అని మద్యం సేవించడం శ్వాసను మందగింపజేస్తాయి. అవి ప్రమాదకరం. అత్యవసర పరిస్థితులలో సంప్రదించవలసిన వారి ఫోను నంబర్లను కాగితం మీద రాసి ఉంచుకోవాలి. చలికి ఫోను బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. పవర్ బ్యాంకును విమానంలో చేతిసంచిలోనే ఉంచుకోవాలి గాని సామాను పెట్టెలో పెట్టరాదు.

తాతగారికి గుండెజబ్బు ఉన్నది. ప్రయాణానికి ముందు వారిని వైద్యుని వద్దకు తీసుకొనివెళ్ళారు. ఒక్కసారిగా అంత ఎత్తుకు వెళ్ళడం క్షేమం కాదని వైద్యుడు చెప్పాడు. ఇంటికి వచ్చిన తరువాత కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు తాతగారే లేచి తమ గదిలోని ఉన్ని శాలువ తెచ్చి మనవడి సంచిలో పెట్టారు. "నేను రాలేకపోయినా ఇది వస్తుందిలే. ఒంట్లో ఏమాత్రం తేడాగా ఉన్నా నాన్నకు చెప్పరా. దాచుకోకు" అన్నారు.

రెండు రోజుల విలువ

లేహ్‌లో దిగినవారు కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలని వైద్యులు సూచిస్తారు. కాని సెలవులు తక్కువ, చూడవలసినవి ఎక్కువ. అందుచేత చాలామంది మూటలో నుండి మొదట తీసివేసేది ఈ రెండు రోజులనే. ఈ కుటుంబం కూడా చేరిన మరునాడే పాంగాంగ్ సరస్సుకు వెళ్ళేందుకు వాహనం మాట్లాడుకొన్నది. ఆ సరస్సు 4,200 మీటర్లకు పైన ఉన్నది. అక్కడికి పోయే దారి అంతకంటె ఎత్తైన కనుమ దాటుతుంది.

చేరిన రోజు సాయంత్రం కొడుకుకు తల బరువెక్కింది. అన్నం సహించలేదు. తాను చెబితే రేపటి ప్రయాణం ఆగిపోతుందనీ, ముందుగా చెల్లించిన సొమ్ము పోతుందనీ వాడు ఊరకున్నాడు. చలి వేసి సంచిలోని శాలువ తీసి కప్పుకొన్నాడు. దానిని చూడగానే తాతగారి మాట గుర్తుకు వచ్చింది. కొంతసేపు తటపటాయించి, "అక్కా, నాకు తల పగిలిపోతున్నది. నాన్నకు నువ్వే చెప్పవా?" అన్నాడు.

"నువ్వే చెప్పు. నేను పక్కనే ఉంటాను" అన్నది అక్క.

తండ్రి విని కోపగించుకోలేదు. మరునాటి వాహనాన్ని వద్దన్నాడు. ముందుగా ఇచ్చిన సొమ్ము తిరిగి రాలేదు. వైద్యుడు పరీక్షించి భయపడవలసినది లేదనీ, విశ్రాంతి చాలుననీ చెప్పాడు. రెండు రోజులు గడిచేసరికి పిల్లవాడు కోలుకొన్నాడు.

ఈ విషయంలో లేహ్‌కు ఒక ప్రత్యేకత ఉన్నది. ఎత్తు వలన కలిగిన అస్వస్థత ముదిరితే వెంటనే కిందికి దిగడమే ప్రధాన చికిత్స. కాని లేహ్ నుండి రోడ్డు మార్గంలో దిగాలంటే ముందు ఎక్కాలి. మనాలీ వైపు దారిలో 5,300 మీటర్లకు పైనున్న కనుమ ఉన్నది. శ్రీనగర్ వైపు దారిలో ఫోతు లా కనుమ ఎత్తు 4,108 మీటర్లు. విమానం ఉన్నప్పుడే తేలికగా దిగగలరు. కనుకనే అక్కడ చికిత్స కంటె జాగ్రత్త మేలు. శ్రీనగర్ నుండి రోడ్డు మీద బయలుదేరి, సుమారు 2,680 మీటర్ల ఎత్తున ఉన్న కార్గిల్‌లో ఒక రాత్రి గడిపి వచ్చేవారికి శరీరం కొంత ముందుగానే అలవాటు పడుతుంది. వారికైనా విశ్రాంతి అవసరమే.

పర్వతయాత్రికులు మూడు నియమాలను పాటిస్తారు. ఎత్తైన చోట ఒంట్లో బాగులేకపోతే, మరొక కారణం తేలేదాకా అది ఎత్తు వలన వచ్చినదేనని భావించాలి. బాధ ఉన్నంతవరకు ఇంకా పైకి వెళ్ళరాదు. బాధ పెరుగుతున్నా, కూర్చొని ఉండగానే ఆయాసం వస్తున్నా, అడుగులు తడబడినా, మాట తేడాగా ఉన్నా ఆలస్యం చేయక వైద్యసహాయం పొంది కిందికి దిగాలి. ఈ నియమాలు మూటలో బరువు కావు.

తిరుగు మూట

విశ్రాంతి తీసుకొన్న ఆ రెండు రోజులలోనే ఆ కుటుంబం లేహ్‌ను నిజంగా చూసింది. గది కిటికీలో నుండి మంచుకొండలు కనిపించాయి. పసుపు రంగుకు తిరుగుతున్న పాప్లర్ చెట్లు, కోత ముగిసిన బార్లీ పొలాలు, గోంచా అనే పొడవాటి ఉన్ని అంగీపై నడికట్టు బిగించి నడిచిపోయే వృద్ధులు కనిపించారు. వారు తొందరపడరు. పొలాలకు నీరు మంచు కరిగితేనే వచ్చే చోట తొందర వలన ప్రయోజనం లేదని వారికి తెలుసు. అటువంటి చోట యాత్రికుడు వాడే ప్రతి బిందె నీరూ, పారవేసే ప్రతి ప్లాస్టిక్ సీసా లెక్కలోకి వస్తాయి. కనుక నీటిసీసా ఇంటి నుండే తెచ్చుకోవడం, చెత్తను వెనుకకు తీసుకొనిపోవడం ఆ ఊరికి చేయగల కనీస మర్యాద.

మూడవ నాడు పాంగాంగ్ వెళ్ళడానికి వ్యవధి చాలలేదు. సరస్సును చూడకుండానే వారు తిరిగివచ్చారు. విజయవాడలో తాతగారు గుమ్మంలోనే ఎదురైనారు. "సరస్సు ఎలా ఉన్నదిరా?" అని మనవడిని అడిగారు.

"చూడలేదు తాతయ్యా. నువ్వు చెప్పమన్నది చెప్పాను" అని వాడు శాలువను ఆయన చేతిలో పెట్టాడు.

కఠిన పదాలు - అర్థాలు

సన్నాహం = ప్రయత్నం, సిద్ధపాటు
మజిలీ = ప్రయాణంలో విశ్రాంతి తీసుకొనే చోటు
వ్యవధి = నడిమి కాలం, గడువు
ప్రభృతులు = మొదలైనవారు
దృఢకాయులు = గట్టి శరీరం కలవారు
అలక్ష్యం = లెక్కచేయకపోవడం
కనుమ = కొండల నడిమి దారి
తటపటాయించు = సందేహించు, వెనుకాడు

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఎత్తైన ప్రదేశాలలో మానవశరీరంలో కలిగే మార్పులను వివరించండి.
2. 'రెండు రోజుల విలువ'ను పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) కింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వీరాస్వామయ్య యాత్రకూ, నేటి విమానయాత్రకూ గల భేదం ఏమిటి?
2. దుస్తులను పొరలుగా ఎందుకు ధరించాలి?
3. లేహ్ నుండి కిందికి దిగడంలో ఉన్న ఇబ్బంది ఏమిటి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "చలికి కావలసినవన్నీ సర్దావు. ఎత్తుకు కావలసినవి ఏవి?"
2. "నేను రాలేకపోయినా ఇది వస్తుందిలే."
3. "నువ్వే చెప్పు. నేను పక్కనే ఉంటాను."

ఈ) వ్యాకరణాంశాలు

సంధులు
శరదృతువు = శరత్ + ఋతువు - జశ్త్వసంధి
హిమాలయాలు = హిమ + ఆలయాలు - సవర్ణదీర్ఘసంధి
అత్యవసరం = అతి + అవసరం - యణాదేశసంధి
మూటలన్నీ = మూటలు + అన్నీ - ఉకారసంధి

సమాసాలు
తల్లిదండ్రులు = తల్లియును, తండ్రియును - ద్వంద్వ సమాసం
వాయుపీడనం = వాయువు యొక్క పీడనం - షష్ఠీ తత్పురుష సమాసం
రెండు రోజులు = రెండు సంఖ్య గల రోజులు - ద్విగు సమాసం

ఉ) ప్రాజెక్టు పని
మీ ఊరు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉన్నదో తెలుసుకొనండి. అక్కడి నుండి లేహ్ వెళ్ళే ఒక పెద్దవారికి, ఏ వస్తువు ఎందుకు అవసరమో వివరిస్తూ ఒక లేఖ రాయండి.